పోయిన పుస్తకానికి అర్జీ

డిగ్రీ విద్యార్థులకు అలంకారాలు పాఠం చెప్పుకునేవాడికి న్యాయశాస్త్రంతో పనేమిటని మిత్రులు నన్ను అడిగారు. ఆ పని కల్పించినది నేను కాదు, 1910లో భారత ప్రభుత్వం చేసిన పత్రికా చట్టం. మా కళాశాల గ్రంథాలయంలో ఒక మూల బీరువా నిండా పాత లా రిపోర్టులున్నాయి. కాలం చేసిన ఒక ప్లీడరుగారి వారసులు ఇల్లు అమ్ముకుంటూ, వాటిని పాతకాగితాలవాడికి తూకం వేయటానికి మనసొప్పక కళాశాలకు ఇచ్చిపోయారు. తెరిచేవారు లేరు. ఒక వేసవిలో చెద పట్టిందని బీరువా ఖాళీ చేయిస్తూ వుంటే కలకత్తా హైకోర్టు తీర్పుల సంపుటం ఒకటి నా చేతికి వచ్చింది. అందులో ఒక తీర్పు మధ్య వుదహరించిన ఆ చట్టం నాలుగవ సెక్షను చదివి కొంతసేపు అక్కడే నిలబడిపోయాను.

ఏ రాతలు నేరపు రాతలో ఆ సెక్షను చెబుతుంది. హత్యకు పురికొల్పేవి, సైనికుల విధేయతను చెడగొట్టేవి, ప్రభుత్వం మీద గాని, న్యాయపాలన మీద గాని, స్వదేశ సంస్థానాధీశుల మీద గాని, బ్రిటిషు ఇండియాలోని చక్రవర్తి ప్రజలలో ఏ ఒక్క వర్గం మీద గాని ద్వేషమో తిరస్కారమో పుట్టించేవి. ఇంతవరకు ఆశ్చర్యం లేదు. ఆ మాటలు అట్టి ఫలితం ఎలా పుట్టిస్తాయో చెప్పిన తీరులోనే వుంది విశేషమంతా. నేరుగా గాని, చుట్టుదారిన గాని; ఊహింపజేసి గాని, స్ఫురింపజేసి గాని, ప్రస్తావన చేత గాని, రూపకం చేత గాని, వ్యంగ్యం చేత గాని, "లేక మరి యే ఇతర విధంగానైనా" గాని. ఫలితం పుట్టనక్కర కూడా లేదు. పుట్టించే ధోరణి వుంటే చాలు.

ఆనందవర్ధనుడు తొమ్మిదవ శతాబ్దిలో కాశ్మీరంలో కూర్చుని కావ్యానికి ఆత్మ ధ్వని అన్నాడు. వెయ్యేళ్లు దాటాక కలకత్తాలో శాసనసభలో కూర్చున్న దొరలు ఆ ఆత్మనే పట్టుకుని జప్తు చేయటానికి సెక్షను రాశారు. వాచ్యార్థాన్ని శిక్షించటానికి రాజద్రోహపు సెక్షను 1870 నుంచీ శిక్షాస్మృతిలో వున్నది. వ్యంగ్యార్థాన్ని శిక్షించటానికి యీ కొత్త చట్టం కావలసివచ్చింది. రూపకం పేరెత్తి నిషేధించిన శాసనం ప్రపంచంలో ఇంకొకటి నా కంటపడలేదు. మా విద్యార్థులకు యీ మాట చెప్పినప్పుడు నవ్వారు. తర్వాత ఒక కుర్రవాడు లేచి, "అయితే పుస్తకం పోయినవాడు ఎవరిని అడగాలండీ?" అన్నాడు. యీ వ్యాసం ఆ ప్రశ్నకు నేను వెతుక్కున్న జవాబు.

ముందు పుస్తకం ఎట్లా పోయేదో చూడాలి. సర్ హెర్బర్ట్ రిస్లే ప్రవేశపెట్టగా 1910 ఫిబ్రవరిలో యీ చట్టం కొద్దిరోజుల్లోనే అయిపోయింది. మదనమోహన మాలవ్యా, భూపేంద్రనాథ బసు వ్యతిరేకించారు. గోఖలే వంటి పెద్దమనిషి అడ్డు నిలవలేదు. మితవాదుల చరిత్రలో ఇది చిన్న మచ్చ కాదు. చట్టం ప్రకారం కొత్తగా అచ్చుకూటం పెట్టేవాడు 500 మొదలు 2000 రూపాయల వరకు ధరావతు కట్టాలి. పాత అచ్చుకూటం వాడినైనా ప్రభుత్వం తలచుకుంటే 500 నుంచి 5000 వరకు అడగవచ్చు. అభ్యంతరకరమైనది అచ్చువేశావని ప్రభుత్వానికి తోస్తే ఆ ధరావతు పోతుంది. మళ్లీ మొదలుపెట్టాలంటే 1000 నుంచి 10,000 దాకా కట్టాలి. రెండోసారి తప్పు జరిగిందంటే డబ్బు ఒక్కటే కాదు, యంత్రమూ, అక్షరాల పెట్టెలూ, వున్న ప్రతులూ అన్నీ సర్కారు పాలు.

ఆనాటి జిల్లా పట్టణంలోని అచ్చుకూటాన్ని వూహించుకోండి. కాలితో తొక్కే యంత్రం ఒకటి, అరిగిపోయిన అక్షరాలు నాలుగు పెట్టెలు, ఇద్దరు కంపోజిటర్లు. శుభలేఖలు, జమీందారీ రసీదులు, హరికథల పుస్తకాలు అచ్చువేసి బతికేవాడికి రెండువేలంటే ఆస్తిలో సగం. అతడిక ప్రభుత్వం వద్దన్నదే కాదు, వద్దంటుందేమోనని తనకు తోచినదీ అచ్చువేయడు. చట్టం సెన్సారు అధికారిని నియమించలేదు, నియమించే అవసరం లేకుండా చేసింది. 1910 నుంచి దశాబ్ది తిరిగేలోగా దాదాపు వెయ్యి అచ్చుకూటాలూ పత్రికలూ యీ చట్టం కింద ఏదో ఒక చర్యకు గురి అయ్యాయని పత్రికలవారి సంఘం లెక్క తేల్చింది. ధరావతు కట్టలేక పుట్టకముందే పోయినవీ వున్నాయి.

ఇదిగాక పన్నెండవ సెక్షను వున్నది. ఎక్కడ అచ్చయిన పుస్తకమైనా సరే, కారణాలు చెబుతూ గెజిటులో ప్రకటించి స్థానిక ప్రభుత్వం దానిని తనదిగా చేసుకోవచ్చు. విచారణ లేదు, ముద్దాయి లేడు. శిక్ష పడేది పుస్తకానికి.

ఇప్పుడు మా కుర్రవాడి ప్రశ్న. చట్టం ఒక దారి చూపకపోలేదు. పోయిన ఆస్తిలో హక్కుదారుడైనవాడు ఆజ్ఞ పుట్టిన రెండు నెలల్లోగా హైకోర్టుకు అర్జీ పెట్టుకోవచ్చు. ముగ్గురు జడ్జీలు ప్రత్యేక బెంచిగా కూర్చుని వింటారు. వినటానికి బాగానే వుంది. కాని అర్జీలో ఒకే ఒక్క మాట అనటానికి వీలున్నది: నాలుగవ సెక్షనులో చెప్పిన స్వభావం కల మాటలు యీ పుస్తకంలో లేవు అని. ప్రభుత్వం ఆజ్ఞ ఇచ్చిన పద్ధతి తప్పు అనటానికి లేదు. దురుద్దేశంతో ఇచ్చిందనటానికి లేదు. ఇరవైరెండవ సెక్షను ఆ తలుపులన్నీ మూసేసింది. మిగిలిన ఒక్క కిటికీలోనుంచి అర్జీదారు లోపలికి దూరాలి.

దూరటానికి ప్రయత్నించినవారిలో మొదటి పెద్దమనిషి మౌలానా మహమ్మదాలీ.

1912 అక్టోబరులో బాల్కన్ యుద్ధం ప్రారంభమైంది. బల్గేరియా, సెర్బియా, గ్రీసు, మాంటినీగ్రో ఏకమై టర్కీ మీద పడ్డాయి. మాసిడోనియాలో ముస్లిము పల్లెలు తగలబడ్డాయి. ఆ దారుణాలను వర్ణిస్తూ, ఇంగ్లండు జోక్యం చేసుకోవాలని వేడుకుంటూ టర్కీ నుంచి ఒక చిన్న పుస్తకం ఇంగ్లీషులో వెలువడింది. "మాసిడోనియాకు వచ్చి మాకు సాయపడండి" అని దాని పేరు. ఆ పేరు బైబిలులోనిది. అపొస్తలుల కార్యములలో పౌలుకు రాత్రివేళ దర్శనంలో ఒక మాసిడోనియా మనిషి కనిపించి పిలిచిన పిలుపు అది. క్రైస్తవ ప్రభువుల మనసు కరిగించటానికి ముస్లిములు క్రైస్తవుల గ్రంథంలోని మాటనే ఎత్తుకున్నారన్న మాట. ఇంతకన్నా వినయంగా అడగటం ఎట్లా?

ఆ ప్రతులు ఢిల్లీలో "కామ్రేడ్" సంపాదకుడైన మహమ్మదాలీకి వచ్చాయి. ప్రభుత్వం గెజిటులో ప్రకటించి పుస్తకాన్ని జప్తు చేసింది. బాల్కన్ క్రైస్తవుల ఘోరాలు చెబితే బ్రిటిషు ఇండియాలోని క్రైస్తవుల మీద ద్వేషం పుడుతుందట! మహమ్మదాలీ కలకత్తా హైకోర్టుకు అర్జీ పెట్టాడు. 1913లో ప్రధాన న్యాయమూర్తి సర్ లారెన్స్ జెంకిన్స్ అధ్యక్షతన ప్రత్యేక బెంచి విన్నది.

ప్రభుత్వపక్షాన అడ్వకేటు జనరలు ఏమన్నాడో చూడండి. యీ పుస్తకం రాజద్రోహకరం కాదని ఒప్పుకున్నాడు. దేశంలోని ఏ నేరచట్టానికీ ఇది తగలదని ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, అయినా పత్రికా చట్టం నేరచట్టాన్ని దాటి చాలా దూరం పోతుంది గనుక, రుజువు భారం అర్జీదారుదే గనుక, పుస్తకం ఎంత మంచిదైనా సరే అర్జీ చెల్లదన్నాడు. జెంకిన్సుకు అది సరైన వాదమేనని ఒప్పుకోక తప్పలేదు. ఆయన విప్పి చెప్పిన దాని సారాంశం ఇది. యీ మాటలవల్ల ద్వేషం పుట్టే అవకాశం లేదని చూపితే అర్జీదారుకు చాలదు. వాటికి అట్టి ధోరణి లేదని చూపినా చాలదు. నేరుగా గాని చుట్టుదారిన గాని, రూపకం చేత గాని వ్యంగ్యం చేత గాని అట్టి ధోరణి వుండటం అసాధ్యమని చూపాలి. అప్పటికీ "మరి యే ఇతర విధంగానైనా" అన్న మాట మిగిలే వుంటుంది. ఇంత పని చేయగలవాడు లేడు. ఒక మాటకు ఇంకో అర్థం ఎన్నటికీ రానేరాదని రుజువు చేయమంటే కాళిదాసుకైనా సాధ్యం కాదు. అట్లా రుజువు చేయగలిగితే అది కవిత్వమూ కాదు.

జెంకిన్స్ అక్కడ ఆగలేదు. యీ సెక్షనుకు హద్దు గీయటం కష్టమనీ, పరుల దైన్యం మీదా అవమానం మీదా బతికే నీచపు మూకను విమర్శించినా అదీ ఒక "వర్గమే" గనుక దీని వాతపడవచ్చుననీ, సర్వమాన్యమైన సాహిత్యంలో ఎంతో భాగం దీనికి చిక్కుతుందనీ అన్నాడు. అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి. కారణాలు చెప్పి తీరాలని చట్టం అన్నది. గెజిటు ప్రకటనలో కారణాలు సరిగా చెప్పలేదు. అంటే ప్రకటనే లోపభూయిష్టం. కాని ఆ లోపాన్ని పట్టుకుని ఆజ్ఞను కొట్టివేసే అధికారం హైకోర్టుకు లేదు, ఇరవైరెండవ సెక్షను అడ్డు. అర్జీ కొట్టివేశారు. మహమ్మదాలీ పుస్తకాన్ని పోగొట్టుకున్నాడు గాని శీలాన్ని నిలుపుకున్నాడని న్యాయమూర్తి ఓదార్పు పలికాడు.

యీ తీర్పును జాతీయవాదులు చాలాకాలం మెచ్చుకున్నారు. చట్టం మీద పోరాటంలో దానిని పదేపదే వుదహరించారు కూడా. మెచ్చుకోదగినదే. నాకు మాత్రం ఆ ఓదార్పు మింగుడు పడదు. జెంకిన్స్ నిజం చెప్పాడు, చెప్పి పుస్తకాన్ని సర్కారుకే వుంచాడు. సామ్రాజ్యవాదపు న్యాయస్థానంలో ఒక న్యాయమూర్తి నిజాయితీకి ఎంత చోటుందో యీ తీర్పు కొలిచి చూపుతుంది: పేజీలకు పేజీలు విమర్శించటానికి చోటున్నది, ఒక్క ప్రతి వెనక్కి ఇప్పించటానికి లేదు. శీలం ఎటూ మహమ్మదాలీదే, అది ప్రభుత్వం పట్టుకుపోలేదు. ఆయన తిరిగి ఇమ్మని అడిగింది పుస్తకాన్ని. మరుసటి యేడు "కామ్రేడ్" ధరావతు కూడా పోయి పత్రిక ఆగింది.

తెలుగువాళ్లం అప్పుడు మద్రాసు రాజధానిలో వున్నాం గనుక మద్రాసు సంగతి ఒకటి. అనీబిసెంటు నడిపిన "న్యూ ఇండియా"ను 1916 మే 26న 2000 రూపాయలు ధరావతు కట్టమన్నారు. ఆగస్టు 28న దానిని జప్తు చేసి 10,000 అడిగారు. ఆమె కట్టింది, ఆమె కట్టగలదు. మద్రాసు హైకోర్టులో ప్రత్యేక బెంచికి అర్జీ పెట్టింది, వోడిపోయింది. లండనులో ప్రీవీ కౌన్సిలు దాకా వెళ్లింది, 1919లో అక్కడా వోడిపోయింది. ఆమెకున్న డబ్బు, పలుకుబడి, ఇంగ్లండులో స్నేహాలు ఇవన్నీ కలిసి తేలేని రెండువేల రూపాయలను జిల్లా పట్టణంలో కాలియంత్రం తొక్కించుకునేవాడు ఏ ధైర్యంతో అడగబోతాడు?

యుద్ధం ముగిసి, జలియన్‌వాలాబాగు జరిగి, సహాయనిరాకరణం సాగుతూ వుండగా 1921లో తేజ్ బహదూర్ సప్రూ అధ్యక్షతన కమిటీ వేసి, 1922లో పత్రికా చట్టాన్ని రద్దు చేశారు. రద్దుచేసే చట్టంతోనే పుస్తకాలను జప్తుచేసే అధికారాన్ని మాత్రం పదిలంగా తీసుకుపోయి క్రిమినలు ప్రొసీజరు కోడులో 99ఏ సెక్షనుగా నాటారు. దొరతనం ఖాళీ చేసే ఇంటినుంచి పనికివచ్చే సామాను వదిలిపెట్టదు. అయితే ఒక మార్పు జరిగింది, చిన్నదిగా కనిపించే పెద్ద మార్పు. అర్జీదారు నిరూపించాలన్న పాత పద్ధతి పోయి, పుస్తకంలో అట్టి విషయం వున్నదని హైకోర్టుకు తృప్తి కలగకపోతే జప్తును కొట్టివేయవలసిందేనని 99డి సెక్షను రాసింది. బరువు తక్కెడలో ఇటునుంచి అటు మారింది. పోయిన "ఆస్తి"లో హక్కు అన్న మాట కూడా మారి, పుస్తకంలో "ఏదైనా ఆసక్తి" వున్నవాడు అయింది. యీ రెండో మార్పు ఏమి చేయగలదో అప్పుడెవరికీ తెలియదు.

సరిగ్గా ఆ 1922లోనే "మాలపల్లి" అచ్చయింది.

ఉన్నవ లక్ష్మీనారాయణ ఆ నవలను జైలులో రాశాడు. సంగదాసు చౌదరయ్య చేతిలో చచ్చిపోవటం, రామదాసు కుటుంబం చితికిపోవటం, వెంకటదాసు చట్టం వెలుపలికి పోయి వున్నవాళ్ల ఇళ్లు దోచి లేనివాళ్లకు పంచటం మన పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. 1928లో కొన్ని మార్పులతో బయటికి రానిచ్చింది. 1936లో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పాఠ్యపుస్తకంగా వుండగా, మళ్లీ నిషేధించింది. 1937లో కాంగ్రెసు మంత్రివర్గం వచ్చి ఎత్తివేసింది. ఉన్నవ వట్టి నవలాకారుడు కాదు. ఐర్లండు వెళ్లి చదువుకుని వచ్చిన బారిష్టరు. చట్టం ఆయనకు ఒకరు చెప్పనక్కరలేదు. అయినా "మాలపల్లి" తెలుగువాళ్ల చేతికి పూర్తిగా తిరిగివచ్చింది ప్రభుత్వం మారినందువల్ల.

బెంగాలులోనూ ఇదే కథ. శరత్‌బాబు "పథేర్ దాబీ" 1926లో అచ్చయింది. 1927 జనవరిలో నిషేధించారు. ఫజులుల్ హక్ మంత్రివర్గం కాలంలో 1939లో నిషేధం పోయింది. మధ్యలో ఒక వుత్తరాల సంగతి వున్నది. నిషేధాన్ని ఖండించమని శరత్తు రవీంద్రుణ్ణి అడిగాడు. రవీంద్రుడు ఒప్పుకోలేదు. యీ పుస్తకం పాఠకుడి మనసును ఇంగ్లీషు పాలన మీద విముఖం చేస్తుంది, శక్తిగల రచయిత రాస్తే ఆ ప్రభావం మరీ ఎక్కువ, దెబ్బకొట్టినవాడు ఎదురుదెబ్బకు సిద్ధపడాలి, అన్న ధోరణిలో జవాబు రాశాడు. శరత్తు చాలా నొచ్చుకున్నాడు. ప్రజావుద్యమం నిలిచివున్న చోట నిలబడకపోవటం రవీంద్రుడి లోపమే, దానిని నేను సమర్థించను. కాని ఒక సాహిత్య విమర్శకుడిగా ఆయన చెప్పినది నిజం. ఆ పుస్తకం ఇంగ్లీషు పాలన మీద విముఖత పుట్టిస్తుంది. పుట్టించటానికే శరత్తు రాశాడు.

అర్జీలోని అసలు ముడి ఇక్కడే వుంది. పుస్తకం తిరిగి ఇమ్మని అడగాలంటే రచయిత కోర్టులో ఏమనాలి? ఇందులో ప్రభుత్వం మీద ద్వేషం పుట్టించేది ఏమీ లేదనాలి. చౌదరయ్యను చదివి ఏ పాఠకుడికీ ఏ వర్గం మీదా కోపం రాదనాలి. మహమ్మదాలీ ఆ మాట మనసా అనగలడు. ఆయన చేతిలో వున్నది ఇంగ్లండు దయను కోరిన పుస్తకం. ఉన్నవ ఆ మాట అంటే "మాలపల్లి"ని జప్తు చేసినది ప్రభుత్వం కాదు, ఉన్నవే అవుతాడు. పుస్తకంలో పదును లేదని వొట్టువేసి పుస్తకం తెచ్చుకోవటం కత్తి మొద్దుదని రాసిచ్చి కత్తి తెచ్చుకోవటమే. సాధుగ్రంథాలకు న్యాయస్థానంలో ఒక దారి వుండవచ్చు. పోరాటగ్రంథానికి వున్న దారి వీధిలోనుంచీ శాసనసభలోనుంచీ పోతుంది. మితవాదులు అర్జీని నమ్మినంతగా మనం నమ్మకపోవటానికి కారణం న్యాయమూర్తుల మీద అపనమ్మకం ఒక్కటే కాదు, అర్జీ రచయిత నోట ఏమి పలికిస్తుందన్నది కూడా.

అసలు అర్జీ అన్నది లేని చోట ఏమయిందో ప్రేమ్‌చంద్ జీవితం చెబుతుంది. నవాబ్‌రాయ్ పేరుతో ఆయన రాసిన "సోజె వతన్" కథలకు కలెక్టరు పిలిచి మందలించి, మిగిలిన ప్రతులు అప్పగించమన్నాడు. సర్కారు కొలువులో వున్న బడి తనిఖీదారు ఏ కోర్టుకు పోతాడు? ప్రతులు పోయాయి, నవాబ్‌రాయ్ పేరూ పోయింది. ఆ తర్వాత రాసినవాడు ప్రేమ్‌చంద్.

ఇంకొక జవాబు మన సంఘానికే చెందినది. సజ్జాద్ జహీర్, అహ్మదలీ, రషీద్ జహాఁ, మహమూదుజ్జఫర్ నలుగురూ కలిసి 1932లో "అంగారే" ప్రకటించారు. 1933 మార్చిలో సంయుక్త రాష్ట్రాల ప్రభుత్వం నిషేధించింది. ప్రతులను తగలబెట్టించారు. మతపెద్దలు క్షమాపణ చెప్పమన్నారు. ఏప్రిలులో "లీడర్" పత్రికలో మహమూదుజ్జఫర్ ఒక ప్రకటన ప్రచురించాడు. రచయితలు క్షమాపణ చెప్పదలచుకోలేదన్నాడు. పుస్తకం తన బాగోగులు తాను చూసుకుంటుంది, ఇటువంటి పుస్తకాలు వెలువరించే హక్కును కాపాడుకోవటమే తమకు కావలసినదన్నాడు. అందుకు అభ్యుదయ రచయితల సమితి ఒకటి కావాలన్నాడు. మూడేళ్లకు 1936లో లక్నోలో ప్రేమ్‌చంద్ అధ్యక్షతన ఆ సంఘం మొదటి మహాసభ జరిగింది. పుస్తకం పోగొట్టుకున్నవాళ్లు అర్జీలో "ఇందులో ఏమీ లేదు" అనటానికి బదులు, "ఇందులో వున్నది మాకు కావాలి" అన్నారు. మన సంఘం పుట్టుకకు మూలాలు చెప్పేటప్పుడు లండను రెస్టారెంటునే చెబుతాం. తగలబడిన యీ ప్రతులను తరచు మరచిపోతాం.

ఇంతటితో ఆపితే చరిత్రకు అన్యాయం చేసినవాణ్ణవుతాను. స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత 99ఏ సెక్షను అట్లాగే నిలిచింది. దొరలు నాటిన చెట్టు మన ప్రభుత్వాలకూ నీడనిచ్చింది. కాని రాజ్యాంగం వచ్చింది, భావప్రకటన హక్కు వచ్చింది. అర్జీదారు ఇప్పుడు మరో మాట అనగలిగాడు. 1961లో హరనామదాసు కేసులో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు, ప్రభుత్వం తన అభిప్రాయానికి కారణాలు ఆజ్ఞలో చెప్పకపోతే ఆ ఆజ్ఞ నిలవదన్నది. అంటే జెంకిన్స్ 1913లో కళ్లారా చూసి చేతులు కట్టుకున్న లోపమే ఆజ్ఞను కూల్చటానికి చాలునని తేలింది. మధ్యలో నలభైయెనిమిది ఏళ్లు గడిచాయి.

దాని విలువ లలయీసింగ్ యాదవ్ కేసులో తెలిసింది. పెరియార్ రామాయణ విమర్శను "సచ్చీ రామాయణ్" పేరుతో హిందీలో ప్రకటించినవాడాయన. 1969 డిసెంబరులో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం దానిని జప్తు చేసింది. అభ్యంతరకరమైన భాగాల పేజీలూ పంక్తులూ పట్టికగా జోడించింది గాని, అవి ఎందుకు అభ్యంతరకరమో చెప్పలేదు. 1971లో అలహాబాదు హైకోర్టు ప్రత్యేక బెంచి జప్తును కొట్టివేసింది. ప్రభుత్వం వూరుకోక సుప్రీంకోర్టుకు పోయింది. 1976 సెప్టెంబరు 16న జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు చెప్పాడు. పట్టిక కారణం కాదు, మౌనం కారణం కాదు, పౌరుడి హక్కును తీసుకునే ప్రభుత్వం నోరు విప్పి ఎందుకో చెప్పాలి అన్నది ఆ తీర్పు సారం. గెలీలియో, డార్విన్, మార్క్సుల రచనల మీద కూడా ఒకప్పుడు అభ్యంతరాలు లేచాయని గుర్తు చేశాడు. తేదీని గమనించండి. దేశమంతటా అత్యవసర పరిస్థితి, పత్రికల మీద సెన్సారు, జైళ్ల నిండా రాజకీయ ఖైదీలు. ఆ చీకట్లో ఒక బహుజన ప్రకాశకుడికి ఒక చిన్న పుస్తకం తిరిగివచ్చింది.

దీనిని చూసి న్యాయస్థానాన్ని పూజించనక్కరలేదు. ఆ తీర్పు సైతం పుస్తకంలోని విమర్శ సత్యమా కాదా అన్న విచారణలోకి పోలేదు. పోకపోవటమే దాని బలం. కాని పైన నేను చెప్పిన ముడిని లలయీసింగ్ అర్జీ ఒక విధంగా విప్పింది. నా పుస్తకం మొద్దుదని ఆయన అనవలసిన పని లేకపోయింది. పదునైనదే కావచ్చు, తీసుకుపోయినవాడు ఎందుకు తీసుకుపోయాడో చెప్పలేదు గనుక తిరిగి ఇయ్యమన్నాడు. నోరు విప్పవలసిన బాధ్యత రచయితనుంచి రాజ్యానికి బదిలీ అయింది. అర్జీ మీద నాకున్న అపనమ్మకంలో కొంత భాగాన్ని నేను వెనక్కి తీసుకోక తప్పలేదు.

1922లో మారిన ఆ రెండవ మాట కూడా ఆలస్యంగా ఫలించింది. 1973 నాటి కొత్త కోడులో యీ సెక్షన్లు 95, 96 అయ్యాయి. శివాజీ మీద జేమ్స్ లేన్ రాసిన పుస్తకాన్ని మహారాష్ట్ర ప్రభుత్వం జప్తు చేసినప్పుడు బొంబాయి హైకోర్టుకు వెళ్లినవారు రచయితా కాదు, ప్రచురణకర్తా కాదు. ఒక న్యాయవాది, చలనచిత్ర నిర్మాత ఆనంద్ పట్వర్ధన్, ఒక సామాజిక కార్యకర్త. హైకోర్టు వారి అర్జీని విని 2007లో జప్తును కొట్టివేసింది. 2010లో సుప్రీంకోర్టు దానిని ఖాయం చేసింది. పుస్తకంలో "ఆసక్తి" గలవాడంటే దాని వెల పోగొట్టుకున్నవాడే కానక్కరలేదు, దానిని చదవదలచినవాడు కూడా కావచ్చునన్న మాట. ఉన్నవ కాలంలో ఒక గుంటూరు పాఠకుడు "మాలపల్లి నాది" అని మద్రాసు హైకోర్టు మెట్లెక్కటం వూహకు అందేది కాదు.

2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో అవే సెక్షన్లు 98, 99గా వున్నాయి. జప్తు ప్రకటించిన పుస్తకాన్ని దేశంలో ఎక్కడ కనిపించినా పోలీసు పట్టుకోవచ్చు. ప్రతులున్నాయన్న అనుమానమున్న చోటును మేజిస్ట్రేటు వారంటుతో సబిన్‌స్పెక్టరు వెదకవచ్చు. అర్జీకి గడువు పాత రెండు నెలలే, వినేది పాత ముగ్గురు జడ్జీలే. యీ సంగతులన్నీ తరగతిలో చెప్పి వచ్చిన రోజు సాయంత్రం మా గ్రంథపాలకుడు లా రిపోర్టుల బీరువాకు మందు కొట్టిస్తూ నన్ను ఆపాడు. తన అలమారలోనుంచి పుస్తకం పట్టుకుపోతే తాను కూడా ఆసక్తి గలవాడేనా అని అడిగాడు. ఎందుకు కాదన్నాను. "రెండు నెలలు ఎప్పటినుంచి లెక్క మాస్టారూ?" అన్నాడు. గెజిటులో పడిన తేదీనుంచి అన్నాను. కాసేపు ఆలోచించి, మన గ్రంథాలయానికి గెజిటు తెప్పించటం మానేసి చాలా ఏళ్లయిందన్నాడు. మళ్లీ తెప్పించమని మరునాడు ఇద్దరం కలిసి ప్రిన్సిపాలుగారికి అర్జీ పెట్టాం.